పరమేశ్వర్ పెట్టిన కళ్ళు

ఏడు గంటల విమానం మొయినాబాద్ మీద ఎడమకు మళ్ళే వేళకు పరమేశ్వర్ తన ఫోటో స్టూడియో షటర్ సగం ఎత్తి ఆగుతాడు. చేతులు షటర్ కిందే ఉంటాయి, ముఖం మాత్రం ఆకాశంకేసి ఉంటుంది. పక్కనున్న ఇడ్లీ బండి వాళ్ళకూ, ఎదుటి మందుల దుకాణం వాళ్ళకూ ఇది ఆరేళ్ళుగా అలవాటైన దృశ్యమే. చప్పుడు అజీజ్‌నగర్ వైపు సన్నగిల్లాక మిగతా సగం ఎత్తి లోపలికి వెళ్తాడు. దేవుడికి అగరొత్తి వెలిగించడానికి ముందే సొరుగులోంచి నోటుబుక్కు తీసి తేదీ, వేళ, తోక రంగు, రెక్క కింది అక్షరాలు రాస్తాడు.

మూడు నెలలుగా అక్షరాల గడి ఖాళీగా ఉంటోంది. రెక్కలు ఆయనకు పొగమంచులో కదిలినట్టే కనిపిస్తున్నాయి. నగరంలో కంటి డాక్టరు చుక్కలు వేసి, లైటు వేసి, రెండు గంటలు కూచోబెట్టి, కంటి నరం ఎండిపోతోందనీ, ఉన్న చూపు ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళేననీ చెప్పాడు. యాభై రెండేళ్ళ మనిషి, పైగా ఫోటోలు తీసి బతికేవాడు, ఆ మాట విని "సరే సార్" అని లేచి వచ్చాడు. ఏడవాలనిపించింది గానీ బయట వరుసలో చాలామంది ఉన్నారు.

ఇంకో సంగతి ఆయన డాక్టరుకు చెప్పలేదు. చెబితే వేరే రకం డాక్టరు దగ్గరికి పంపిస్తాడని భయం. కళ్ళు మూసుకుంటే చీకటి రావడం లేదు. ఏవో గదులు కనిపిస్తున్నాయి, అదీ ఎత్తు నుంచి, గోడకు మేకు కొట్టే ఎత్తు నుంచి. ఒక గదిలో మంచం నిలబెట్టి ఉంటుంది. ఇంకో గదిలో ఒక ముసలామె ఒక్కతే అన్నం తింటూ మధ్యలో తలెత్తి తనవైపు చూస్తుంది. వాటిలో ఒక్క గదీ ఆయన ఎరిగింది కాదు.

వెర్రి వెయ్యి విధాలంటారు. విమానాల వెర్రి వెయ్యిన్నొకటోది. పరమేశ్వర్ అన్నకు చేవెళ్ళలో కిరాణం, తమ్ముడికి విత్తనాల దుకాణం. "షావుకారి ఇంట్ల పుట్టి గాలిల పోయేటివి లెక్కబెట్టెటోన్ని నిన్నే జూసినం" అని కలిసినప్పుడల్లా నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన నెలలోనే ఇది పట్టుకుంది. బండికి నంబరు ఉన్నట్టు ప్రతి విమానానికీ తనవైన అక్షరాలుంటాయనీ, ఒకదానివి ఇంకోదానికి ఉండవనీ తెలిశాక ఇక ఊరుకోలేకపోయాడు. ఒక్కొక్కదాన్నీ ఫోటో తీసి దాచుకోసాగాడు.

మొట్టమొదట తీసింది ఎల్ఓయూ. దాని అక్షరాల్లో చివరి మూడూ అవే, ఆయన పిలుచుకునే పేరూ అదే. అది రోజూ సాయంత్రం హిమాయత్‌సాగర్ మీదుగా వచ్చేది, తెల్లవారుజామున చీకట్లోనే వెళ్ళిపోయేది. అందుకే రెండు వందల ఫోటోల్లో అది వస్తున్నదే గానీ పోతున్నది ఒక్కటీ లేదు. ఇంటికొచ్చిన వాళ్ళను వాకిలి దాటేదాకా సాగనంపనిదే తలుపు వేయకూడదని వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి. ఆరేళ్ళుగా ఆ విమానాన్ని ఒక్కసారీ సాగనంపలేదన్న కొరత ఆయనకు చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ పొద్దున నోటుబుక్కు మూస్తుండగా సీతారామారావు ఫోన్ చేశాడు. గుంటూరు నుంచి వచ్చి, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, అజీజ్‌నగర్‌లో తోట కొనుక్కున్న మనిషి. వీసా ఫోటోకని స్టూడియోకు వచ్చి, గోడ మీద విమానాలు చూసి, తనదీ అదే వెర్రి అని ఒప్పుకుని స్నేహితుడయ్యాడు. తన పాత పొడుగు లెన్సు ఇచ్చేశాడు. తోట ఇంటి మిద్దె ఎప్పుడైనా ఎక్కొచ్చన్నాడు.

"పరమేశ్వర్ గారూ, ఎల్ఓయూ ఇవాళ వెళ్ళిపోతోందండి. పాతబడిపోయింది కదా, విడగొట్టేయడానికి ఎక్కడికో పంపేస్తున్నారు. మనుషులెవరూ ఉండరు, ఖాళీగానే వెళ్తుంది. సాయంత్రం ఐదూ ఇరవైకి. నాకు మీటింగులున్నాయి, మీరైనా తీయండి."

"ఎలుతురు ఉంటదా సార్?"

"బ్రహ్మాండంగా ఉంటుందండి. మా తోట మీదే మలుపు తిరుగుతుంది."

ఫోన్ పెట్టేసి పరమేశ్వర్ అరచేతిని ముఖానికి దూరంగా పట్టుకుని చూశాడు. వేళ్ళు ఐదూ కనిపించాయి. చుట్టూ మంచే గానీ మధ్యలో ఇంకా కాస్త చోటు తేటగా మిగిలి ఉంది. ఈ ఒక్క సాయంత్రానికి అది చాలు దేవుడా, అనుకున్నాడు.

ఎనిమిదింటికి ఆలూరు నుంచి ఎల్లేశ్ బండి మీద వచ్చాడు. దిగకుండానే చెప్పాడు.

"సేటూ, మా బావ మారయ్య పోయిండు. రాత్రి బువ్వ తిని పన్నడు, పొద్దుగాల లేవలే. ఐదింటికి ఎత్తుతరు. మా అక్క ఫోటో గావాల్నని ఒక్కటే పట్టు వట్టింది. జర జల్ది రా."

స్టూడియో వెనకే ఇల్లు. శారదాదేవి కెమెరా సంచి తెచ్చి భర్త చేతికిస్తూ, ఎల్లేశ్‌కు వినపడకుండా అంది. "ఫోటో తీసియ్యుండ్రి. కండ్లు మాత్రం మీయి పెట్టకుండ్రి. మీ కాళ్ళు మొక్కుత."

ఆ కళ్ళ సంగతి ఇది. ఊళ్ళల్లో చాలామంది పెద్దవాళ్ళకు బతికుండగా తీయించుకున్న ఫోటో ఉండదు. పోయాక స్టూడియో మనిషిని పిలిచి, కూచోబెట్టి తీయిస్తారు. కళ్ళు మూసిన పటాన్ని గోడకు పెట్టుకోరు కాబట్టి, కంప్యూటర్లో కళ్ళు తెరిపించడం స్టూడియో వాళ్ళ పని. అందరూ దొరికినవాళ్ళ కళ్ళు తెచ్చి అతికిస్తారు. పరమేశ్వర్‌కు మాత్రం అడక్కుండా ఒకరి కళ్ళు ఇంకొకరికి పెట్టడం దొంగతనంలా తోచింది. మొదటిసారి, దగ్గర్లోని ప్రొద్దుటూరు పల్లెలో పోయిన ఒక అవ్వ కోసం, కెమెరాను స్టాండు మీద పెట్టి తన కళ్ళే తీసుకున్నాడు. అప్పటినుంచి అందరికీ అవే. ఆడవాళ్ళకైతే కనుబొమలు సన్నం చేస్తాడు, ముసలివాళ్ళకైతే కింద ముడతలు కలుపుతాడు. పదకొండేళ్ళలో మూడు వందల పైచిలుకు పటాలు. చేవెళ్ళ నుంచి మొయినాబాద్ దాకా ఇళ్ళ గోడల మీద పోయినవాళ్ళంతా పరమేశ్వర్ కళ్ళతోనే చూస్తున్నారు. ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టేంత తీరిగ్గా ఆయన ముఖం చూసినవాళ్ళూ లేరు.

ఈ మూడు నెలల్లో నలుగురు పటాలు వెనక్కి తెచ్చారు. బొట్టు, బట్టలు అన్నీ బాగానే ఉన్నాయి, కళ్ళు మాత్రం మబ్బు పట్టాయి. కాగితం చెడిందని చెప్పి కొత్తవి తీసిచ్చాడు. వారం తిరిగేసరికి అవీ మబ్బు పట్టాయి. అప్పటినుంచే శారదాదేవికి భయం. "సచ్చినోళ్ళకు పంచిపెడితే ఇగ మీకేం మిగులుతయ్?" అని ఆమె అడుగుతూనే ఉంది.

ఆలూరులో మారయ్యను వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టి, జారిపోకుండా నడుముకు తువాలు కట్టారు. బావులు తవ్విన మనిషి. ఎండకు కాలిన మెడ, గోళ్ళ సందుల్లో ఎన్నటికీ పోని ఎర్రమన్ను. పొలాన్ని ఎవరో ఫాంహౌసుకు కొన్నాక అదే పొలంలో గడ్డికి నీళ్ళు పెట్టే పనికి కుదిరాడు. ఎల్లేశ్ వెనక నిలబడి బావ తల పట్టుకున్నాడు. గడ్డం కొద్దిగా ఎత్తమని చెప్పి పరమేశ్వర్ నాలుగు ఫోటోలు తీశాడు.

మారయ్య భార్య అంతమ్మ ఏడవడం లేదు. కెమెరా పక్కకు వచ్చి నిలబడింది.

"సేటూ, ముప్పై ఎనిమిదేండ్లు ఒక్క ఇంట్ల ఉన్నం. కొట్టలే, తిట్టలే. గాని నా మొకం నిమ్మలంగ సూసింది లేదు. ఎప్పుడు సూసినా భూమి దిక్కే, నీళ్ళు ఏడున్నయో అని. కండ్లు తెరిపియ్యి. ఒక్కసారన్న నా దిక్కు సూడాలె."

"మూసిన కండ్లు గూడ మంచిగనే ఉంటయ్ అంతమ్మా. నిద్రవొయినట్టు."

"నిద్రవొయినట్టు ముప్పై ఎనిమిదేండ్లు సూసిన సేటూ."

పోయిన మామకు ఆయన చేసిన పటం ఎంత బాగుందో చూడమని ఆమె లోపలికి పిలిచింది. మూడేళ్ళ కిందట ఆ ఫోటో కూడా వాకిట్లోనే తీశాడు, పటాన్ని ఎల్లేశ్ స్టూడియోకు వచ్చి పట్టుకెళ్ళాడు. పరమేశ్వర్ ఆ గడప తొక్కడం ఇదే మొదలు. తొక్కగానే కాలు ఆగిపోయింది. నిలబెట్టిన మంచం వెనక పగిలిన అద్దం ఉంటుందని ఆయనకు తెలుసు. బియ్యం డబ్బా మీద ఎర్ర గిన్నె బోర్లించి ఉంటుందని తెలుసు. రెండడుగులు వేసి చూశాడు. అద్దం ఉంది, గిన్నె ఉంది. కళ్ళు మూసుకుంటే కనిపించే గది ఇదే.

తలెత్తి గోడ చూశాడు. మేకుకు వేలాడుతున్న ముసలాయన మబ్బు పట్టిన కళ్ళతో, పరమేశ్వర్ కళ్ళతో, కిందికి చూస్తున్నాడు. పరమేశ్వర్ గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు ఎత్తు నుంచి, ఆ గది మధ్యలో, మెడలో కెమెరా వేసుకుని కళ్ళు మూసుకు నిలబడ్డ మనిషి ఒకడు కనిపించాడు. తన నడినెత్తిన జుట్టు అంత పల్చబడిందని ఆయనకు ఆ పూటే తెలిసింది.

తిరిగి స్టూడియోకు వచ్చేసరికి పదకొండు దాటింది. ఎల్లేశ్ బయట బండి మీద కూచున్నాడు. పరమేశ్వర్ కంప్యూటర్‌కు ముఖం ఆనించినంత దగ్గరగా జరిగి, మారయ్య తల పట్టుకున్న ఎల్లేశ్ వేళ్ళను తుడిపేశాడు, తెల్లచొక్కా తొడిగాడు, నుదుటిన బొట్టు దిద్దాడు. అన్నీ అయ్యాక మిగిలింది కళ్ళే. మౌస్ మీద చెయ్యి పెట్టి కదలకుండా కూచున్నాడు. శారదాదేవి తలుపు దగ్గరికి వచ్చింది.

"ఎవ్వలియన్న పెట్టుండ్రి. నాయి పెట్టుండ్రి."

"నీయి నాకు కావాలె," అన్నాడాయన, "రేపటి సంది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పోనీ సాయంత్రం దాకన్న ఆగుండ్రి. ఇమానం జూసినంక పెట్టుండ్రి," అంది.

"ఐదింటికి ఎత్తుతరు శారదా. ఎత్తినంక ఎవ్వలకు చూపియ్యాలె?"

ఎందుకు పెడుతున్నాడో ఆయనకే పూర్తిగా తెలియదు. ఆరేళ్ళుగా ఒక విమానం పోతుంటే చూడాలని కాచుకున్నవాడికి, ముప్పై ఎనిమిదేళ్ళు ఒక మనిషి తనవైపు చూడాలని కాచుకున్న ఆడమనిషి బాధ తెలిసివుంటుంది. తన కళ్ళే తెచ్చి మారయ్య రెప్పల మధ్య అమర్చాడు. మామూలుగా ఎదురుగా చూసేలా పెడతాడు. ఈసారి నల్లగుడ్లను ఒక వెంట్రుకవాసి కిందికి దింపాడు, కుర్చీలో పెట్టిన పటం ముందు కూచున్న మనిషి ముఖం ఎక్కడుంటుందో అక్కడికి. అప్పటికి ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ప్రింటు బయటికొచ్చేసరికి, మధ్యలో మిగిలిన తేట చోటు మీద కూడా సన్నటి పొర కమ్మింది. అంతసేపు కంప్యూటర్‌ను చూసినందుకు అయివుండొచ్చు. కాదని ఆయనకు తెలుసు.

ఫ్రేము కట్టిన పటాన్ని తువాల్లో చుట్టుకుని ఎల్లేశ్ రెండింటికి వెళ్ళిపోయాడు. మూడున్నరకు శారదాదేవి భర్తను ఆటో ఎక్కించి, డ్రైవరుకు రెండుసార్లు దారి చెప్పింది. తానూ వస్తానంది. ఆయన వద్దన్నాడు. "నువ్వుంటే నీ మొకమే సూడబుద్దయితది, ఇమానం పోతది," అన్నాడు. పాతికేళ్ళ కాపురంలో ఆయన ఆడిన సరసం అంతా కలిపినా గుప్పెడు కాదు. ఆమె నవ్వబోయి ఏడ్చింది.

అజీజ్‌నగర్ తోటను కాసే ధనమ్మ గేటు తీసింది. నోట్లో తమలపాకు, బొడ్లో సున్నపు డబ్బీ. యాభై దాటినా చేతిలో బలం ఉంది. ఆయన మోచెయ్యి పట్టుకుని ఒక్కొక్క మెట్టూ చెబుతూ మిద్దె మీదికి తీసుకెళ్ళింది.

"గింత కండ్లు అవుపడనోనివి ఏం ఫోటో తీస్తవ్ సేటూ?"

"అలవాటు ధనమ్మా."

నీళ్ళ ట్యాంకుకు వీపు ఆనించి కూచున్నాడు. మార్గశిరం ఎండ మోకాళ్ళ మీద గోరువెచ్చగా పడుతోంది. తోటలో బంతిపూల వాసన. లెన్సు తిప్పి, వేళ్ళతోనే మీటలు తడిమి సరిచూసుకున్నాడు. నాలుగున్నరకు ఒకటి వెళ్ళింది, ఐదుకు ఇంకోటి. రెంటికీ కెమెరా ఎత్తలేదు. చప్పుడు విని, "చిన్నది, రెండు ఇంజన్లది," అని తనకు తానే చెప్పుకున్నాడు. ఆకాశం ఆయనకు ఉతికిన దుప్పటిలా ఒకే తెలుపుగా ఉంది. ఎడమ రొమ్ములో ఎవరో పిడికిలి బిగించినట్టుగా ఉంది. మెట్లెక్కినందుకే అనుకున్నాడు.

ఐదూ ఇరవై రెండుకు తూర్పున మొదలైంది. ఎల్ఓయూ చప్పుడు వేరు, అడుగున సన్నటి ఈల ఉంటుంది. పరమేశ్వర్ కెమెరా కన్ను దగ్గర పెట్టుకున్నాడు.

ఆకాశం లేదు. మారయ్య వాకిలి ఉంది.

మూడు నెలల్లో ఆయన దేన్నీ అంత స్పష్టంగా చూడలేదు. డప్పులు వెళ్ళిపోయిన వాకిలి, తొక్కిన పూలు, ఖాళీ కుర్చీలు. మగవాళ్ళు ఎత్తుకుపోయారు. అంతమ్మ ఒక్కతే పటం ముందు నేల మీద కూచుని ఉంది, ఆమె ముఖం ఆయన ముఖానికి జానెడు దూరంలో ఉంది. చెంప మీద పాత గాటు, ముక్కుపుడక పక్కన చెమట, తడిసిన రెప్పలు. ఆమె కదలకుండా చూస్తోంది. ఆయన కూడా కదలకుండా చూశాడు. చూపు తిప్పుకుంటే విమానం దొరుకుతుందేమో అనిపించింది. తిప్పుకోలేదు. పైన ఈల పెద్దదై, నెత్తి మీదికి వచ్చి, మిద్దె అదిరింది. చప్పుడును బట్టి చేతులు వాటంతట అవే కెమెరాను పడమటికి తిప్పాయి, వేలు మీట నొక్కింది, నొక్కుతూనే ఉంది. అంతమ్మ పెదవులు కదిలాయి. మాట వినపడలేదు గానీ అడిగిందేమిటో తెలిసింది.

"సూస్తున్న," అన్నాడు పరమేశ్వర్.

"ఏం సూస్తున్నవ్ సేటూ?" అంది ధనమ్మ. "ఇమానం గుట్టలు దాటవట్టె!"

అంతమ్మ ముఖం చెదిరిపోయింది. కెమెరా దించాడు. ఎదురుగా ఉతికిన దుప్పటి కూడా లేదు, ఎండ వెచ్చదనం మాత్రమే ఉంది. ఇక ఏమీ లేదని ఆయనకు అర్థమైంది. భయం వేసింది, చిన్నపిల్లాడికి వేసినంత భయం. చెయ్యి చాచి ధనమ్మ కొంగు పట్టుకున్నాడు.

"ధనమ్మా, గీ తెరల ఏమున్నదో జర జూసి చెప్పు."

ఆమె సున్నం అంటిన వేలు కొంగుకు తుడుచుకోకుండానే కెమెరా అందుకుంది. ఆయన మీట ఎక్కడుందో చెప్పాడు. ఆమె నొక్కింది.

"ఆకాశమే ఉన్నది. మల్ల ఆకాశమే. గిండ్ల తోక ముక్క ఒకటి." ఇంకా నొక్కింది. "ఆఁ, గిండ్ల ఉన్నది సేటూ. నిండుగున్నది. ఎండ వడి ఇత్తడి బిందె తీరు మెరుస్తున్నది."

"వస్తున్నదా, పోతున్నదా?"

"పోతున్నది. ఎనకకెల్లి అవుపడుతున్నది."

"రెక్క కింద అచ్చరాలున్నయా?"

"ఉన్నయ్. నాకు సదువస్తే గీ గేటు కాడ ఎందుకుంటి?"

"చదవకు. ఎట్లున్నయో నా చేతిల గియ్యి. ఆఖరియి మూడు."

ధనమ్మ ఆయన కుడిచేతిని తన మోకాలి మీద తెరిచి పెట్టుకుంది. ఒక కన్ను తెర మీద, ఒక కన్ను చేతి మీద. ముగ్గు వేసే మనిషి వేలు గనుక గీత వంకర పోలేదు. ఒక నిలువు గీత గీసి, కింద పక్కకు మలిపింది. సున్నం చల్లగా తగిలి, తర్వాత కొద్దిగా మండింది. దాని పక్కన ఒక గుండ్రం. ఆ పక్కన కిందికి దిగి, మళ్ళీ పైకి వచ్చింది.

"గింతే సేటూ."

ఆయన, "అదే," అన్నాడు. పడమటి గాలికి ముఖం తిప్పి, ఇంటికొచ్చిన వాళ్ళతో అన్నంత మామూలుగా, "పోయి రా," అన్నాడు. చేతిని మూయలేదు, గీతలు చెరిగిపోతాయని. కళ్ళు మూసుకున్నాడు. ఏ గదీ రాలేదు. ఎవరూ తలెత్తి చూడలేదు. మూడు నెలల తర్వాత ఉత్త చీకటి వచ్చింది, ఎంతో హాయిగా అనిపించింది.

ధనమ్మ చాలాసేపు బొమ్మలు ముందుకూ వెనక్కూ తిప్పుకుంటూ కూచుంది. ఎండ మిద్దె దిగిపోయాక, "చలివెడుతున్నది, లే సేటూ," అంటూ భుజం తట్టింది. ఆ భుజం నెమ్మదిగా ట్యాంకు వారగా ఒరిగింది.

కబురు అంది శారదాదేవి ఆటో దిగి మెట్లెక్కి వచ్చేసరికి ధనమ్మ దీపం తెచ్చి తల దగ్గర పెట్టింది. "నేను ముయ్యలే అమ్మా. ఆయనే మూసుకుండు కండ్లు," అంది. శారదాదేవి ఆ ముఖం మీద ముఖం పెట్టి గుండెలవిసేలా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఆ కుడిచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకోబోయి, దీపం వెలుతురులో ఆగిపోయింది. తెరిచిన అరచేతిలో, సున్నం ఆరి తెల్లగా తేలిన మూడు అక్షరాలున్నాయి.